గోరుచిక్కుడు కాయలూ, మూడు వేల హిట్లూ

ఈ ఏడు గోరుచిక్కుడు బాగా కాసింది. టెక్సస్‌లో మా ఇర్వింగ్ ఎండకి కరివేపాకు మొక్క కూడా తల వాల్చేస్తుంది గానీ ఇది మాత్రం ఎండ కొద్దీ కాస్తుంది. విత్తనాలు నేనెప్పుడూ కొనలేదు. ఏటా కొన్ని కాయలు చెట్టునే ముదరనిచ్చి, ఎండబెట్టి, ఆవాల డబ్బా పక్కన దాచుకుంటాను. పొద్దున కాయలు కోసుకొచ్చి పళ్లెంలో పోసుకుని కూర్చోగానే చెయ్యి దానంతటదే రేడియో మీదికి పోయింది. ఆయన పోయాక ఇది మూడో వేసవి. రేడియో ఇంకా ఆయన పెట్టిన స్టేషన్ మీదే ఉంది.

మా ఆయన కారు విడిభాగాల గోడౌన్‌లో పనిచేశారు. అక్కడ పొద్దస్తమానం రేడియో మోగేది. ఎండాకాలమంతా బేస్‌బాలే. తోటివాళ్లు వింటుంటే ఈయనా విన్నారు. ముందు మాట అర్థమైంది, తరవాత ఆట అర్థమైంది, ఆ తరవాత ఇంటికొచ్చి నాకు చెప్పకపోతే అన్నం సయించని స్థితి వచ్చింది. రిటైరైన రోజున గోడౌన్ వాళ్లు ఆ రేడియోనే చేతిలో పెట్టి పంపారు. టీవీలో చూడొచ్చుగా అని మనవరాలు అంది. ఆ చానల్‌కి నెలనెలా కట్టాలని తెలిసి నేనే వద్దన్నాను. చెవులుండగా ఆ ఖర్చెందుకు?

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆయన చెప్పిన ఆట నియమాల్లో సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. రెండు ముక్కలు మాత్రం నచ్చాయి. బంతి విసిరేవాడు నాలుగుసార్లు తప్పుగా విసిరితే, కొట్టేవాడు తాపీగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిపోవచ్చు. కానీ దాన్ని హిట్ కింద వెయ్యరు, బంతిని కొట్టి బేస్ చేరితేనే హిట్. ఊరికే వచ్చింది లెక్కలోకి రాదన్నమాట. రెండోది, బంతిని స్టేడియం అవతల పడేసినా ఒకటే హిట్టు, ఇద్దరు మనుషుల సందులోంచి దొర్లించినా ఒకటే హిట్టు. ఇరవై ఏళ్లపాటు ఎండలో దిగి, ఒక్కొక్కటే కూడబెట్టుకుంటే గానీ మూడు వేలు కావు. నూరేళ్లు దాటిన ఆటలో అంతవరకూ వెళ్లినవాళ్లు ముప్పై మంది పైచిలుకే.

ఆయనకి పాతవాళ్ల కథలన్నీ వచ్చు. ఉన్ని బట్టల్లో చెమటలు కక్కుతూ ఆడినవాళ్లు, యుద్ధానికి పోయి మంచి వయసు అక్కడ వదిలేసి వచ్చి మళ్లీ బ్యాటు పట్టినవాళ్లు. నల్లవాళ్లని పెద్ద టీముల్లోకి రానివ్వని రోజుల్లో వేరే ఆడి, ఎంతో కాలం ఏ రికార్డుకీ ఎక్కనివాళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు. "వాళ్లు కొట్టలేదా? కొట్టారు. రాసేవాళ్లు లేరంతే" అనేవారు.

ఇక ఆయన ఉండగా ఒక వేసవి సంగతి. మా ఊరివాళ్ల టీములో ఒక పెద్ద వయసు ఆటగాడు మూడు వేల దగ్గరికి వచ్చాడు. వచ్చాడు గానీ వారం రోజులుగా చేతికి ఒక్కటీ తగలడం లేదు. ఒకనాడు నేను వంటింట్లో చోటు చాలక, పళ్లెం తెచ్చుకుని రేడియో పక్కన కూర్చుని గోరుచిక్కుడు తుంచుతున్నాను. ఆ పూట అతను మూడు హిట్లు కొట్టాడు. మా ఆయన నా వైపు చూశారు, పళ్లెం వైపు చూశారు. మర్నాటి నుంచి ఆట మొదలయ్యే వేళకి, "ఏమే, రా. కూర్చుని తుంచు" అని పిలుపు.

నేను నవ్వి పళ్లెం తెచ్చుకున్నాను. ఎలాగూ చెయ్యాల్సిన పనే. తుంచినవి పారెయ్యలేం కదా, కొబ్బరి కారం వేసి ఒకరోజు, పాలు పోసి బెల్లం ముక్క వేసి ఒకరోజు. మా అమ్మాయి కూతురు, అప్పుడే కాలేజీలో చేరింది, గిన్నె మూత తీసి మొహం మాడ్చుకునేది.

"అమ్మమ్మా, అగైన్ ఇదేనా?"

"మీ తాతయ్యని అడుగు."

"తాతయ్యా, ఆయన త్రీ థౌజండ్ కొట్టేలోపు నేను ఫుల్‌గా గ్రీన్ అయిపోతాను."

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టరు ఆయన గుండెలో వాల్వు చెడిందని, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోమని చెప్పాడు. తారీకు కూడా ఇచ్చారు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడుతున్నారు అప్పటికే. ఒక పొద్దున వరండాలో ఫోన్లో చిన్న గొంతుతో మాట్లాడుతుంటే వెనక నిలబడ్డాను.

"ఎవరికి ఫోను?"

"హాస్పిటల్‌కి. డేట్ కాస్త వెనక్కి జరిపించాను."

"ఎందుకు?"

"ఇంకా పదకొండున్నాయి."

"అతని హిట్లకీ మీ గుండెకీ ఏమిటండీ సంబంధం?"

"లోపలికి వెళ్లి బయటికి రాకపోతే?" అన్నారు, నా మొహం చూడకుండా. "ఇన్నేళ్లుగా కథలు వినడమే. జరుగుతున్నప్పుడు ఒక్కసారైనా నా చెవులతో వినాలనుంది."

ఆ సాయంత్రం ఆట మొదలవుతుంటే పళ్లెంలో కాయలన్నీ సంచిలోకి ఎత్తి, ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేశాను. "డేట్ పెట్టించుకునేదాకా ఒక్క కాయ తుంచను" అన్నాను.

"అలా అనకే."

"అనేశాను."

ఆ పూట అతనికి హిట్ లేదు. మర్నాడూ లేదు. మూడో రోజు మా ఆయనే పళ్లెం ముందేసుకుని కాయలు తుంచడం మొదలుపెట్టారు. కొసలు తుంచి తొడిమలు వదిలేస్తున్నారు. ఆటగాడు దిగిన ప్రతిసారీ అవుటయ్యాడు.

మనవరాలు తలుపు దగ్గర నిలబడి చూసి, "తాతయ్యా, నీ హ్యాండ్స్ వర్క్ అవ్వట్లేదు. అమ్మమ్మే కావాలి" అంది.

"ఆవిడ స్ట్రైక్‌లో ఉంది" అన్నారాయన దిగులుగా.

ఇలాంటివి నేను నమ్మను. బంతికి గోరుచిక్కుడు సంగతి ఏం తెలుసు? అయినా ఆ మూడు రోజులూ ఎక్కడో ఉన్న ఆ ముసలి ఆటగాడి మీద నాకే జాలి వేసింది. నాలుగో రోజు పొద్దున ఆయన ఫోన్ చేసి డేట్ తీసుకున్నారు. "పెట్టించాను. ఇక తుంచు" అన్నారు. మనవరాలి చేత ఆ డేట్ హాస్పిటల్ యాప్‌లో చూపించుకున్నాకే ఫ్రిజ్ తలుపు తీశాను.

అతను మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ నాటికి ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆటా సరిగ్గా ఆ మధ్యాహ్నం ఆపరేషన్ వేళకే.

తోపుడు మంచం మీద తీసుకుపోతూ ఉంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "సంచి తెచ్చావా?" అన్నారు.

"తెచ్చాను."

"ఏం జరిగినా నాకెవ్వరూ చెప్పొద్దు" అని మనవరాలితో అన్నారు. "రికార్డ్ చేసి పెట్టమ్మా. నేనే వింటాను."

"ప్రామిస్, తాతయ్యా."

బయట కుర్చీల్లో కూర్చున్నాం. మనవరాలు ఫోన్లో రేడియో పెట్టి ఒక ఇయర్‌ఫోను నా చెవిలో, ఒకటి తన చెవిలో పెట్టింది. ఒళ్లో పేపరు పరుచుకుని నేను తుంచుతున్నాను. మొదటిసారి అవుట్. రెండోసారి అవుట్. మూడోసారి నాలుగు తప్పు బంతులు, ఊరికే నడక. లెక్కలోకి రాదు. లోపలి నుంచి ఎవరూ రావడం లేదు. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, ఎనిమిదో దాంట్లో మనవరాలు ఒక్కసారిగా నా మణికట్టు పట్టుకుంది. చెవిలో చప్పుడే చప్పుడు, జనమంతా లేచి నిలబడ్డారని చెబుతున్నారు. హాస్పిటల్ కదా, పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు.

కాసేపయ్యాక, "అమ్మమ్మా, అయిపోయింది. ఇంక స్టాప్ చెయ్యి" అంది.

"మీ తాతయ్య ఇంకా బయటికి రాలేదుగా" అన్నాను.

ఫోను పక్కన పెట్టి, సంచిలోంచి తనూ ఒక గుప్పెడు తీసుకుంది. కాయలన్నీ అయిపోయి, సంచి మడిచి పెట్టుకున్న తరవాత డాక్టరు వచ్చి అంతా బాగానే జరిగిందని చెప్పాడు.

మర్నాడు ఆయన కళ్లు తెరిచి, నా చెయ్యి తీసుకుని, ముందు నా గోళ్లు చూశారు. గోరుచిక్కుడు జిగురు ఆరి నల్లగా ఉన్నాయి. తృప్తిగా మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ఇంటికొచ్చిన వారానికి, దిండ్లకి ఆనుకుని కూర్చోగలిగాక, మనవరాలు ఆ రికార్డింగ్ పెట్టబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పళ్లెం ఏదే?"

"అది అయిపోయిన ఆటండీ."

"అయినా తుంచు. ఇంత దూరం వచ్చాక ప్రయోగాలెందుకు?"

పెరట్లోకి వెళ్లాను. మేం హాస్పిటల్ చుట్టూ తిరుగుతుంటే కాయలన్నీ ముదిరిపోయాయి. ఉన్నవే కోసుకొచ్చి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మొదటిసారి అవుట్. రెండోసారి అవుట్. ఊరికే నడక వచ్చినప్పుడు ఆయన దిగాలుపడి నా పళ్లెం వైపు చూశారు. తెలిసిన నేనూ, తెలిసిన మనవరాలూ మొహాలు బిగపట్టుకుని కూర్చున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చింది. బ్యాటు చప్పుడు, జనం హోరు. ఆయన ఒక చేత్తో గుండె మీది కట్టు అదిమి పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నా చెయ్యి ఆగేసరికి, "ఆపకు, ఆట ఇంకా ఉంది" అన్నారు.

ఆ పూట కూర ఉప్పు తగ్గించి చేసింది, ముదురు కాయలేమో నోటినిండా పీచు. ఆయన మారు అడిగి వేయించుకున్నారు.