పిన్ని వంటింటి నుంచి బాబాయి గదికి

2022 వేసవి. గీదంలో రైలు పట్టాలు కనబడేంత దూరంలో ఒక కొత్త ఇల్లు లేస్తోంది. పై అంతస్తు స్లాబు పడింది, గోడలు నిలబడ్డాయి, ప్లాస్టరింగ్ మాత్రం ఇంకా మొదలు కాలేదు. నా కళ్ళకు ఏ ఇల్లయినా అందంగా కనబడేది ఆ కొద్ది రోజులే. ఇటుకలు బయటికి కనిపిస్తుంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుకోవచ్చు, ఇంటివాళ్ళు ఎవరూ ఏడవరు.

జగదల్‌పూర్‌లో నాకో చిన్న దుకాణం ఉంది. ఇళ్ళలో గది గదికీ పాట వినిపించే స్పీకర్లు, ఒక గదిలోంచి ఇంకో గదితో మాట్లాడుకునే ఇంటర్‌కమ్, నోటిమాటకు లైట్లూ ఫ్యాన్లూ వెలిగి ఆరే పరికరాలు అమరుస్తాను. కొత్తలో ఆడమనిషిని చూసి, నిచ్చెన ఎవరెక్కుతారని అడిగేవారు. నేనే ఎక్కుతానంటే, దాన్ని పట్టుకోవడానికి నలుగురు పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు ఆ గొడవ లేదు. ఉన్న గొడవల్లా గోడలకు రంగులు కూడా వేయించుకుని, అప్పుడు తీరిగ్గా ఫోన్ చేసి, వైర్లు కనబడకూడదు మేడమ్ అనేవాళ్ళతోనే. వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కాండ్యూట్, అంటే వైర్లు దాచే ప్లాస్టిక్ గొట్టం, గోడ పూతకు ముందే లోపల పడాలి. అందుకే సరైన సమయానికి పిలిచిన ఈ గీదం ఇంటివాళ్ళ మీద నాకు మొదటిరోజే అభిమానం కలిగింది.

ఆ ఇల్లు ప్రకాశం బాబాయిది. ఆయన రిటైరైన లోకోపైలట్. కిరండూల్‌లో ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబండ్లను ఏళ్ళ తరబడి ఘాట్ మలుపుల్లో నడిపిన మనిషి. మా నాన్న కూడా ఈ లైన్లోనే పనిచేశాడు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాల కోసం వచ్చినవే కాబట్టి నాకు ఆయన బాబాయి, ఆయన భార్య కరుణమ్మ పిన్ని. వాళ్ళ అమ్మాయి సునీత స్కూల్లో టీచరు. ఇంటి పనులన్నీ తనే చూసుకుంటోంది.

సునీత నన్ను మెట్ల పక్కకు తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పింది. పిన్ని చర్చి క్వయర్‌లో పాడుతుంది. ఆవిడ గొంతెత్తితే వెనక వరసలో పిల్లలు కూడా అల్లరి మానేస్తారు. కొంతకాలంగా ఆ గొంతు బొంగురుపోతోంది. డాక్టరు చూసి, లోపల చిన్న కాయలు లేచాయి, కొన్ని నెలలు అరవడం పూర్తిగా మానాలి, మానకపోతే పాట సంగతి మరిచిపోండి అన్నాడట. పాడొద్దంటే మానింది గాని అరవడం మానలేకపోతోంది. ఎందుకంటే బాబాయి పలకడు. పిన్ని కింద వంటింట్లో ఉంటుంది, ఆయన పై గదిలో కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే బండ్లు చూస్తాడు. అద్దె ఇంట్లోనే అంత అవస్థ అయితే, ఈ పెద్ద ఇంట్లో అమ్మ గొంతు మిగలదని సునీత భయం.

"అక్కా, మా అమ్మ ఈ క్రిస్మస్‌కి పాడాలి. నువ్వేం చేస్తావో నాకు తెలీదు" అంది.

ఇదెంత పని అనుకున్నాను. వంటింటికీ పై గదికీ మధ్య గోడల మీద సుద్దముక్కతో గీతలు గీసి హ్యాండ్స్‌ఫ్రీ ఇంటర్‌కమ్ పెట్టాను. అంటే గోడకు బిగించిన పెట్టె. ఇక్కడ మీట నొక్కి మాట్లాడితే అక్కడ వినిపిస్తుంది, అవతలివాళ్ళు కూర్చున్నచోటు నుంచే జవాబివ్వొచ్చు. మూడు జోన్లలో పాటలు వచ్చేట్టు స్పీకర్లు వేశాను. జోన్ అంటే ఏ గది శబ్దాన్ని ఆ గదికి విడిగా పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు. అమ్మ లేవకుండానే లైట్లు వెలగాలని సునీత వంటింట్లో వాయిస్ కంట్రోల్ కూడా పెట్టమంది. నేను సరేనన్నాను. అరవకూడదన్న మనిషికి నోటితో నడిచే యంత్రం పెడుతున్నామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పూతలూ రంగులూ అయ్యాక, గృహప్రతిష్ఠ ప్రార్థనను తర్వాత పెట్టుకుందామని, ముందుగా సామాను చేర్చి వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చేశారు. వారం తిరక్కుండా సునీత ఫోన్ చేసింది. వెళ్ళి చూద్దును కదా, ఒక పక్క కుక్కర్ కూత వేస్తుంటే పిన్ని ఆ యంత్రం ముందు నిలబడి, లైటు వెయ్యమని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి గట్టిగా చెబుతోంది. అది మౌనం వహించింది. ఇదివరకు తన ఇంట్లో మాట విననివాడు ఒక్కడే ఉండేవాడనీ, నా పుణ్యమా అని ఇప్పుడు ఇద్దరయ్యారనీ పిన్ని నాతో అంది. నవ్వాలో తల దించుకోవాలో తెలియక ఆ పరికరాన్ని ఊడదీసి సునీత గదిలో పెట్టేశాను. వంటింట్లో లైట్లకు చేతికందే ఎత్తులో మామూలు మీటలు వేశాను.

ఇంటర్‌కమ్ అయినా నా పరువు నిలబెడుతుందనుకుంటే, అదీ లేదు. పిన్ని మీట నొక్కి భోజనానికి రమ్మని మెల్లగా అంటుంది. పై నుంచి ఆయన "ఆ" అంటాడు. రాడు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ "ఆ". అన్నం చల్లారిపోతుంది. గ్యాస్ బండ తెచ్చినతను గుమ్మంలో నిలబడి ఉంటాడు, పైన మాత్రం "ఆ" అన్న మాటే. ఇక పిన్ని మెట్ల దగ్గరికొచ్చి పాత పద్ధతిలో కేక పెడుతుంది.

"ఇంజిను మాటైతే ఇంటాడమ్మా. నా మాటంటేనే లెక్కనేదు" అంది పిన్ని. నవ్వుతూనే అంది, కానీ కళ్ళల్లో నవ్వు లేదు. ఆ గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

శబ్దం చాలడం లేదేమోనని పై గది స్పీకర్‌ను మళ్ళీ సరిచేయడానికి కూర్చున్నాను. యాంప్లిఫైయర్ మెట్ల కింద అల్మారాలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక పాట పెట్టి, ఎలా ఉందని ఫోన్లో అడిగాను. బాగుందన్నాడు బాబాయి. కొంచెం పెంచి అడిగాను. ఇంకా బాగుందన్నాడు. అప్పుడు చూసుకున్నాను, పై గది జోన్ మీట నేను వెయ్యనే లేదు. ఆయన గదిలోకి ఒక్క ముక్క పాట కూడా పోవడం లేదు. ఫోన్లో నేనేం అడుగుతున్నానో కూడా సగం అంచనా మీదే చెబుతున్నాడన్నమాట.

మా పనిలో నేర్చుకునే మొదటి సంగతుల్లో ఒకటుంది. మాటలో బలం లావు శబ్దాల్లో ఉంటుంది, అర్థం స, చ, త లాంటి సన్న శబ్దాల్లో ఉంటుంది. ఇంజిన్ హోరులో ఏళ్ళు గడిపిన చెవి ముందు పోగొట్టుకునేది ఆ సన్న శబ్దాలనే. ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మనిషి "ఆ" అని ఊరుకుంటాడు. బాబాయి పిన్నిని లెక్కచేయకపోవడం కాదు, ఆయనకు ఆవిడ మాట అందడం లేదు. చెవి పరీక్ష మాట సునీత ఒకసారి ఎత్తితే ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయాడట. అందుకని నేనూ నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఏమయ్యేదో గాని, ఆలోగా ఇంకొకటి జరిగింది.

గోడ పెట్టె ఒకటి చెడిపోయింది. కొత్తది రాయ్‌పూర్ నుంచి రావాలి. అంతవరకు పని జరగాలని దుకాణంలో పడి ఉన్న పాతకాలపు చేతి మైకులు రెండు తెచ్చి తగిలించాను. చుట్టలు తిరిగిన వైరు, పక్కన మీట. నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వదిలేసి వినాలి. కింద పిన్నికి ఒకటి, పైన బాబాయికి ఒకటి. పై గదిలో నేనుండగానే పిన్ని మైకులో పిలిచింది. బాబాయి మైకు చేతిలోకి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు.

"సరిగా ఇనబళ్ళేదు. రిపీట్ సెయ్యండి" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని చూశాను. కింద పిన్ని కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది, అయినా మళ్ళీ చెప్పింది. చపాతీలు చెయ్యమంటారా, అన్నం వండమంటారా అని. ఆయన "సపాతీలా, అన్నమా. అన్నం వండు. ఓవర్" అని, తన మాట అయిపోయిందన్న గుర్తుగా, మీట వదిలాడు.

తర్వాత ఆయన్నే అడిగాను, ఇన్నాళ్ళూ గోడ పెట్టెలో "ఆ" అన్నవాడివి దీంట్లో మాత్రం మళ్ళీ చెప్పమని ఎలా అడిగావని. ఆయన చెప్పాడు, ఇంజిన్లో ఇద్దరుంటారు, సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. గార్డుతో మాట్లాడినా అంతే. తిరిగి చెప్పేదాకా ఆ మాట అవతలివాడికి అందినట్టు లెక్క కాదు.

"డ్యూటీలో ఇనబడకపోతే రిపీట్ అడగాల. అది రూలు తల్లీ, అడక్కపోతేనే తప్పు. ఇంట్లో అడిగితే ముసిలోడయిపోనాడంటారు" అన్నాడు బాబాయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. రాయ్‌పూర్ సరుకు వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. గోడ పెట్టెలన్నీ తీసేసి, మంచి రకం చేతి మైకులు తెప్పించి, వంటింట్లో, పై గదిలో, గుమ్మం దగ్గర బిగించాను. మైకుల మాట ఆయన గది స్పీకర్‌లోంచి వచ్చేట్టు చేసి, దానికి ఈక్వలైజర్ కలిపాను. లావు శబ్దాలనూ సన్న శబ్దాలనూ విడివిడిగా పెంచే పరికరం అది. సన్నవి బాగా పెంచి, గుంయ్‌మనేవి తగ్గించాను. నా చెవికి ఆ గదిలో మాట రేకు మీద గీసినట్టు ఉంది, కానీ ఆ గది నాది కాదు. ఇంట్లో అందరూ బాబాయి రూలే పాటించాలన్నాను. ఎవరు మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి, విషయం చెప్పాలి, అవతలివారు తిరిగి చెప్పేదాకా ఆగాలి. ఆయనకు ఆడుకోవడానికి బొమ్మ దొరికిందని పిన్ని వేళాకోళం చేసింది గాని, మెట్ల దగ్గర కేకలు మాత్రం నిజంగానే ఆగిపోయాయి. సునీత కూడా స్కూలు నుంచి రాగానే గుమ్మంలో మైకు తీసి, సునీత వచ్చింది, టీ కావాలి అని ప్రకటించడం మొదలుపెట్టింది.

చలికాలం వచ్చింది. పిన్నిని మళ్ళీ చూసిన డాక్టరు కాయలు కరిగాయనీ, రోజూ కొంచెంసేపు మెల్లగా పాడుకోవచ్చనీ చెప్పాడు. ఆ వారంలోనే పని పూర్తిగా అప్పజెప్పడానికి గీదం వెళ్ళాను. చివరి పరీక్షగా మైకులో ఏదైనా చెప్పమని పిన్నిని అడిగాను. ఆవిడ మైకు చేతిలోకి తీసుకుంది. తర్వాత మీట నొక్కి, ఒక పాత కీర్తనలో చరణం ఎత్తుకుంది. చాలా మెల్లగా, భయపడుతూ. నెలల తర్వాత ఆ గొంతు నుంచి వచ్చిన మొదటి పాట అది. పొయ్యి దగ్గర సునీత గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చరణం అయిపోయింది. పిన్ని మీట వదిలింది. పై నుంచి ఏమీ రాలేదు. ఆయన కిటికీ దగ్గర నిద్రపోయాడనుకున్నాం.

అప్పుడు మైకు గరగరమంది. బాబాయి ఆ చరణం తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. పాడలేదు, చెప్పాడు. మాట తర్వాత మాట, ఒక్కటి కూడా పోకుండా, సిగ్నల్ రంగు చెప్పినట్టు అప్పజెప్పుకుంటూ పోయాడు. చివర ఓవర్ అనలేదు. మైకు పెట్టేసి, మెట్లు దిగి వంటింట్లోకి వచ్చాడు.

"మాటలు ఇనబడ్డాయే. ఇన్నేళ్ళూ సర్చిలో నీ రాగమే ఇన్నాను గాని, మాటలు తెల్లేదు" అన్నాడు.

"మరి సెప్పొద్దేటండీ" అంది పిన్ని. "నా మాటంటే మీకు లెక్కనేదనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నట్టు నటించాను.

ఆ మర్నాడు బాబాయి తనంతట తనే సునీతతో చెవి పరీక్షకు వెళ్ళాడు. క్రిస్మస్‌కు పిన్ని పాడింది, చెవిలో మిషన్ పెట్టుకుని ఆయన మొదటి వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువగా ఉందని ఆయనే కిందికి ఫిర్యాదు చేస్తున్నాడట.

ఆ ఇంటి తర్వాత నేను కొత్త ఇంటికి వెళితే స్పీకర్లు ఎన్ని అని ముందు అడగను. వంటింట్లో ఒక పీట లాక్కుని కూర్చుంటాను. ఈ ఇంట్లో ఎవరు ఎవరిని పిలుస్తారు, పిలిస్తే వాళ్ళేం చేస్తారు అని అడుగుతాను. నాకు వినబడలేదు అన్న మాట సిగ్గు పడకుండా చెప్పుకునే వీలు ఆ ఇంట్లో ఎవరికి ఉందో, ఎవరికి లేదో కనిపెట్టేదాకా లేవను. అది తెలిశాకే గోడ మీద సుద్దముక్కతో మొదటి గీత గీస్తాను.