ఒక్క డిస్కులో పట్టని పెళ్ళి

మా గదిలో ఉండే తిమ్మయ్యది రాయచోటి దగ్గర పల్లె. పొద్దంతా ఇక్కడ కువైట్లో, అమ్ఘరాలోని పాత ఇనుము యార్డులో సామాను విడదీసి, చేతులు కాయలు కాచి వస్తాడు. అక్కడ తూకానికి వచ్చిన కంప్యూటరు ఒకటి బాగుచేసుకున్న పాపానికి, మా వైపు వాళ్ళందరికీ వీడియోల పని చేసిపెట్టేవాడయ్యాడు. కాదనడం చేతకాదు. ఆ మెతకతనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి వచ్చిన పని చిన్నక్కది. అర్దియాలో ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలావిడను చూసుకుంటుంది. ఇక్కడి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు; ఆవిడ పెద్దమామా, ఇల్లు నడిపే కోడలు మామా. మూడు నెలల కిందట ఊళ్ళో చిన్నక్క కూతురి పెళ్ళయింది. ముసలావిడను ఎత్తడం ఇంకెవరికీ రాదని మామా సెలవు ఇవ్వలేదు. పెళ్ళి వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి, కువైట్ వచ్చేవాళ్ళతో పంపించారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే చిన్నక్క ఫోను అద్దం పగిలిపోయింది. పెద్దమామా గదిలో పాత టీవీ, డీవీడీ ప్లేయరు ఉన్నాయి.

"పెద్ద తెర మింద ఒక్కసారి జూస్తే సాలు తిమ్మయ్యా" అని పెన్‌డ్రైవ్ ఇచ్చిపోయింది.

పెళ్ళి అయిదు గంటలు. తిమ్మయ్య దగ్గర ఉన్న ఖాళీ డిస్కులు మూడు. ఇప్పుడవి అమ్మే కొట్టు వెతికినా దొరకదు. ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి చెప్పక్కర్లేదు. మొదటిది వీడియోను ఉన్నదున్నట్టు ఎక్కించింది. కంప్యూటర్లో ఆడింది గానీ, పక్కగది జమీర్ ప్లేయర్లో పెడితే అసలు కదల్లేదు. ఒక డిస్కు దండగ. రెండోది అయిదు గంటలనూ కుదించి ఒకే డిస్కులో పట్టిస్తుంది, కానీ కొనకుండా వాడితే తన పేరును తెర నడుమ పెద్ద అక్షరాలతో వేస్తుంది. మూడోది ఉచితం, బొమ్మ శుభ్రంగా వస్తుంది, కాకపోతే డిస్కుకు రెండు గంటలే.

"పెండ్లికూతురి మొగాన కంపెనీ పేరేందిరా" అన్నాను నేను. తిమ్మయ్య మూడోదే తీసుకున్నాడు. ఒక డిస్కు చెడితే పనికొస్తుందని ఇంకొకటి దాచి, మూడు గంటల పెళ్ళి కోయడానికి కూర్చున్నాడు. ఊరేగింపు పోయింది, భోజనాలు పోయాయి, ఫొటోల వరుస పోయింది.

కన్యాదానం దగ్గర చెయ్యి ఆగింది. తల్లి ఊళ్ళో లేదు కాబట్టి పీటల మీద చిన్నక్క చెల్లెలు, మరిది కూర్చున్నారు. ఆమె చెంబుతో నీళ్ళు పోస్తుంటే అతను అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు. చిన్నక్క మొగుడు పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఇది జూస్తే అక్క గుండె చెరువైతాది" అన్నాడు తిమ్మయ్య. తీసెయ్యమని నేనూ అన్నాను.

తరువాతి శుక్రవారం చిన్నక్క డిస్కు పట్టుకుని మళ్ళీ వచ్చింది. మెట్టు మీద కూలబడి, "కాళ్లు కడిగేది లేదే" అంది.

"నేనే తీసేసినాక్కా. నీ సోట ఇంకొకరు కూచునింటే ఓర్సుకోలేవని."

ఆమెకు కోపం రాలేదు. కోప్పడేంత ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "ఆ పొద్దు ఫోన్లో అంతా జూస్తానే ఉంటి. కాళ్లు కడిగే యాళకే మామా కేకేసె, పెద్దమామాను పక్కకు తిప్పాలని. తిప్పి వచ్చేసరికి తాళి కడ్తా ఉండ్రి. నేను సూడంది అదొక్కటే తిమ్మయ్యా."

నాకు సిగ్గేసింది. ఆమె దుఃఖానికి మేమే లెక్క కట్టి, మేమే కత్తెర వేశాం.

"ఇంకో డిస్కుంది. దాండ్లో రెండు గంటలు పడ్తాది. ఒక గంటే పోతాది. ఏమీ కొయ్యకుండా ఆ ఒక్కదాండ్లోనే పట్టియ్యొచ్చు గానీ, తెర నడుమ కంపెనీ పేరు పడ్తాది" అన్నాడు తిమ్మయ్య.

"వద్దు. ఇంగేమీ కొయ్యొద్దు. మీరు వద్దనుకునేదే నాకు కావాల్సుంటాది. ఆ పేరు పడితే పడనీ."

మిగిలిన ఒక్క డిస్కు, పేరు వేసే సాఫ్ట్‌వేర్. ఆ శుక్రవారం సెలవంతా దానికే పోయింది. సాయంత్రం మసీదులో బాంగు వినబడే వేళకు డిస్కు బయటికి వచ్చింది. తిమ్మయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీస్తున్నాడు.

నాలుగు రోజులకు చిన్నక్క ఫోన్ చేసింది. నేనూ విన్నాను.

"పెద్దమామా, నేనూ కలిసి సూస్తిమి. ఆ అక్షరాలు సరిగ్గా మా సెల్లెలు మొగం మిందనే పడినాయి. సెంబు, సేతులు మాత్రం అగుపడినాయి. నీళ్లు పోసేది నువ్వేనా అని పెద్దమామా అడిగె."

"ఏమంటివక్కా?" అన్నాడు తిమ్మయ్య.

"నేనేనంటి."