ఇసుక సంచులు లాక్కున్న పెద్దమనిషి

మా కొట్లో టీ తాగుతూ ఈ బోర్డు చదివే సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, నేటి నుంచి మా ఇంటి ఇసుక సంచులను ముట్టుకున్నవారు శిక్షార్హులు.

మా చెల్లెలు రత్నానికి చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. ఎవరూ ఎత్తకుండా తానే మూడు చక్రాల బండెక్కాలని దాని పంతం. అందుకే డాక్టరు చెప్పినట్టు రోజూ కూర్చున్నచోటే ఇసుక సంచులు పైకెత్తుతుంది, పొట్ట బిగించి వెనక్కి వాలి లేస్తుంది. ఈ ఉదయం పక్కింటి సుబ్బయ్య బాబాయ్ వచ్చి దాని చేతుల్లోంచి సంచులు లాగేసుకున్నాడు.

"ఏరా, అవిటిపిల్ల చేత బరువులు మోయిస్తావా? నన్ను పిలిస్తే ఎత్తి బండిలో కూచోబెట్టనా?"

"నిన్నెవరు ఎత్తమన్నారు బాబాయ్? ఇటివ్వు!" అంది రత్నం. ఆయన ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కసరత్తు ఆపినవాడే మిగతాది పూర్తి చేయాలని డాక్టరు చీటీ రాశాడు. కానీయ్ బాబాయ్," అన్నాను.

డాక్టరంటే ఆయనకు హడలు. గబగబా సంచులు ఎత్తడం మొదలుపెట్టి, పన్నెండోసారికే కింద పడేశాడు. రత్నం అవే సంచులు తీసుకుని ముప్పైసార్లు ఎత్తి, "నిన్ను ఎత్తి మీ ఇంట్లో దించమంటావా?" అంది.

జాలి పేరుతో ఉన్న చేతులు కూడా పడగొట్టే పుణ్యాత్ములు మీ ఇళ్లపక్కనా ఉన్నారా? ఉంటే చెప్పండి. అన్నట్టు, డాక్టరు అలాంటి చీటీ ఏదీ రాయలేదు. అది నా సొంత వైద్యం.