అద్దమునకు ఈవలి వైపు

వెలుగై లోనికి వచ్చువానికి నమస్కరించి, ఈశ్వర నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పంచమినాడు పుదుచ్చేరిలో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ ఉదయము రంగు కలుపుటకై నానవేసిన తుమ్మజిగురు వాసన సోకగానే రంగయ్యమామ జ్ఞప్తికి వచ్చెను. ఆయన మాకు చుట్టము కాడు. మా వీథిలో అద్దములమీద దేవుళ్ల పటములు వ్రాసెడివాడు. ఆ పనిలో వ్రాయువాడు అద్దము వెనుక కూర్చుండును, చూచువారు ముందు నిలుతురు. అందుచేత కుడియెడమలు మార్చి వ్రాయవలెను. కనుపాప మొదట, మేనివర్ణము తరువాత. పైపూత పడినపిమ్మట కన్ను దిద్దుటకు వీలులేదు. కావ్యములు చదివియు చేతిపని యేదియు రాని నన్ను ఇరువదియైదవ యేట దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ విద్య నేర్పెను.

"నీ పద్యాలు అద్దంమింద నిలబడవు అల్లుడా, కుంచె పట్టు" అని నవ్వెడివాడు.

మూడేండ్లకు ఫ్రెంచి పాదిరి యొకరు తన గుడి కిటికీలకు రంగుటద్దములు కావలెనని మామను పిలిపించెను. అద్దములు ఓడలో వచ్చెను. ముక్కలు కోయుటయు, వ్రాసి బట్టీలో కాల్చుటయు, సీసపు పట్టీలతో కూర్చుటయు పాదిరియే చూపెను. మొదటి కిటికీ నచ్చినచో తక్కిన నాలుగును మాకే, లేనియెడల పనివారిని ఫ్రాన్సునుండి రప్పించెదననెను. మామ ఆ మొదటి కిటికీలోని పునీతుని బొమ్మను నాకు అప్పగించెను.

రెండు నెలలు వ్రాసితిని. బట్టీకి పంపుటకు ముందు ముక్కలను పేర్చి వెలుతురునకు ఎత్తితిమి. పునీతుడు ఎడమచేతితో దీవించుచుండెను! కిటికీలో వ్రాసిన వైపే గుడిలోని చూపరులకు ఎదురుగా నుండును; నేనో పటమునకు వలెనే కుడియెడమలు మార్చి వ్రాసితిని.

"తిప్పి బిగిద్దాం మామా. రాసిన పక్క బయటికి పోతాది, అంతే. ఎవురికి తెలుస్తాది?"

"వానకి తెలుస్తాది. ఈ ఉప్పుగాలికి తెలుస్తాది. నాలుగేండ్లకి సామి మొగం యాడుంటాది?"

అంతలో పాదిరి వచ్చి చూచి బొమలు ముడిచెను. నేను నోరు తెరచులోపలనే మామ చేతులు జోడించెను.

"తప్పు నాది సామీ. నలబై ఏండ్లు ఎనకనుంచే రాసిన చెయ్యి. వానికీ అదే నేర్పినా."

క్రిస్మసువరకు గడువిచ్చి పాదిరి వెడలెను. మామ తడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టెను. నా చేయి కదలలేదు.

"ఏంది, శివధనుస్సా? గుడ్డే కదరా. తుడువు."

తుడిచితిని. రెండు నెలల పని అరగంటలో నీళ్లపాలయ్యెను. ఆ ముక్కలనే తిరుగవేసి రెండవ వైపున మరల మొదలిడితిని. పాతవాడుక చొప్పున కుంచె కంటిమీదికే పోయెను. మామ మణికట్టు పట్టుకొనెను.

"ఆగు. ఈడ కన్ను కడాకు రాయొచ్చు. నలబై ఏండ్లు భయపడతానే మొదలు రాసినా. కడాన రాస్తే ఎట్లుంటాదో చూడాలని ఉండాది."

మూడు వారములకు కన్నులు తప్ప ముఖమంతయు ముగిసినది. కుంచె ఆయన చేతికిచ్చితిని. ఊపిరి బిగబట్టి ఎడమకన్ను వ్రాసి, పసివానివలె నవ్వి, కుంచె తిరిగి ఇచ్చెను. "ఒగటి నాది. రెండోది నీది."

నేటికిని ఏ ముఖమునకైనను ఎడమకన్ను వ్రాసినపిమ్మట కుంచె క్రింద పెట్టి, మరల చేత పట్టిన పిదపనే రెండవది వ్రాయుదును.

సాధారణ నామ సంవత్సర మార్గశిరమున, పండుగకు ముందు, ఆ కిటికీని నిలిపిరి. తక్కిన నాలుగును పాదిరి మాకే ఇచ్చెను. మామ ఆ కిటికీలను చూడలేదు. విరోధికృతు నామ సంవత్సర వైశాఖ బహుళ తదియనాడు కాలము చేసెను. నాలుగింటిని నేను వ్రాసితిని.