దెబ్బ తినే విద్య

"గొంతులో గొట్టం తీసేసినారన్నా! సొంతంగా ఊపిరి తీసుకుంటా ఉండాడు!"

ఫోనులో కమల గొంతు వినగానే గంగాధరరావు కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు నడుస్తూనే ఉంది. బ్రేకుల పరీక్ష ఎంతవరకు వచ్చిందని మేనేజరు జర్మన్‌లో అడుగుతున్నాడు. "యా, యా" అని మూత మూసేసి, వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ముఖం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చాడు. నటనలో పేరున్న మనిషే గానీ ఆ రోజు నటన కుదరలేదు. భార్య జయలక్ష్మి తువ్వాలు అందించింది.

కమల భర్త ఇస్సాకు క్రిస్మస్‌కు ముందు కరోనాతో ఆస్పత్రిలో చేరాడు. చూడటానికి ఎవరినీ పోనివ్వరు. పందొమ్మిది రోజులుగా గంగాధరరావు గుండెల మీద ఉన్న బండ ఇప్పుడు దిగింది. దిగింది గానీ, ఒక ముల్లు మాత్రం ఇంకా లోపలే ఉంది.

గంగాధరరావు ఎవరని జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ళను అడిగితే "ఆ కొట్టేటాయనా?" అంటారు. పాపం, బయట చీమను కూడా తొక్కని మనిషి. టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంటు కోసం, ఫోను చెయ్యాలన్నా చెమటలు పట్టేవి. అద్దె ఇల్లు చూసిపెట్టింది, చిరునామా నమోదు చేసే అన్మెల్డుంగ్ ఆఫీసుకు వెంటబెట్టుకుపోయింది, అంతా ఇస్సాకే. ఇద్దరిదీ సూళ్ళూరుపేట. అరవ దేశం సరిహద్దు కాబట్టి చిన్నప్పుడు తమిళ సినిమాలు తెగ చూశారు. వాటిలో ఒక హాస్య జంట ఉండేది. ఒకడు తిట్టి తన్నేవాడు, రెండోవాడు తన్నులు తిని మళ్ళీ అదే తప్పు చేసేవాడు. ఇంగోల్‌స్టాట్‌లో పరిచయమైన మొదటి రోజే వీళ్ళిద్దరూ ఆ జంటను తలుచుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఏడు ఉగాదికే, గంగాధరరావు కొట్టేవాడుగా, ఇస్సాకు తినేవాడుగా వేదిక ఎక్కారు. ఏడేళ్ళు జనాన్ని నవ్వించారు.

కొట్టేవాడి చెయ్యి చెంపకు తగలదు. తినేవాడు తన రెండు చేతులూ నడుము కింద దాచి చరుస్తాడు. ఆ చప్పుడుతో పాటే తల తిప్పుతాడు. రెప్పపాటు ముందు తిప్పితే దొంగ దెబ్బ, తర్వాత తిప్పితే చచ్చు దెబ్బ. కరోనా వచ్చి వేదిక కాస్తా జూమ్‌కు మారాక, ఆ యాప్ చప్పట్లను రొద అనుకుని మింగేసేది. అప్పుడు ఇస్సాకు నోటితోనే "ఫట్" అనడం మొదలుపెట్టాడు. అవతలి చెయ్యి తన తెర మీదికి ఆలస్యంగా వస్తుందని లెక్క కట్టుకుని మరీ పడేవాడు. ముప్పై ఇళ్ళలో పిల్లలు విరగబడి నవ్వేవారు.

దీపావళి కార్యక్రమానికి తెలుగు సంఘం అధ్యక్షుడు వాసుదేవరావు ఆన్‌లైన్ రిహార్సల్లో ఒక మాట అన్నాడు. "ఈసారి పోస్టర్లో ఇస్సాకు పేరు ముందు వేద్దామండీ, పిల్లలు ఆయన్నే అడుగుతున్నారు."

గంగాధరరావుకు ఎక్కడో కాలింది. "దెబ్బలు తినేదానికి ఏముంది సార్, చెంప ఉండే ప్రతివాడూ తింటాడు."

అనేశాడు. ఇస్సాకు తెర మీది తన గడిలో కూర్చుని వింటూనే ఉన్నాడు. "అట్నే అన్నా" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, గడి మాయమైంది. దీపావళికి అతని బదులు రవి కుమార్ అనే కొత్తాయన తన్నులు తిన్నాడు. చెయ్యి లేవకముందే కుర్చీలోంచి కిందపడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. ఎవరి పిల్లో జర్మన్‌లో "ఇస్సాకు అంకుల్ ఏడీ?" అని అడగడం అందరికీ వినబడింది.

తప్పు తనదేనని ఆ క్షణమే తెలిసింది గంగాధరరావుకు. తెలిస్తే మాత్రం ఏం లాభం? రేపు ఫోను చేద్దాం, ఆదివారం చేద్దాం అని రోషం ఆరు వారాలు తిన్నది. చివరికి చేసిననాడు కమల తీసి, అప్పుడే అంబులెన్స్ వెళ్ళిందన్నా అని బావురుమంది.

ఇప్పుడా ఇస్సాకు వీడియోలో కనిపిస్తాడట, మధ్యాహ్నం మూడింటికి, అయిదే నిమిషాలు. చెప్పాల్సిన క్షమాపణ గంగాధరరావు కాగితం మీద రాసుకున్నాడు, రెండుసార్లు చదువుకున్నాడు. జయలక్ష్మి ఇస్త్రీ చొక్కా తెచ్చింది. అదీ తొడుక్కున్నాడు.

మూడింటికి నర్సు ట్యాబ్ పట్టుకుంది. తెర మీద గడ్డం పెరిగిన ఎముకల ముఖం. కళ్ళు మాత్రం ఇస్సాకువే.

"ఒరే ఇస్సాకూ... ఆ పొద్దు నేను అనింది..." అంతే. కాగితం చేతిలోనే నలిగింది.

ఇస్సాకు దుప్పటి మీది చెయ్యి మెల్లగా, సూదితో సహా, రెండంగుళాలు లేపాడు. అరచెయ్యి తిప్పాడు. ఆ అరచెయ్యి ఏమిటో గంగాధరరావుకు తెలియక కాదు. ఏడేళ్ళు వేదిక మీద కొట్టడానికి తను ఎత్తిన చెయ్యే అది. దాని ముందు తన చెంప ఎన్నడూ పెట్టలేదు, అంతే.

కళ్ళు తుడుచుకుని తెరకు దగ్గరగా జరిగి చెంప చూపించాడు. ఇస్సాకు వేళ్ళు కదిలాయో లేదో, గంగాధరరావు "ఫట్" అని అరిచి తల విసిరేసరికి కణత పోయి పక్కనున్న పుస్తకాల బీరువాకు నిజంగానే తగిలింది. నర్సు హడలిపోయి "ఆలెస్ గూట్?" అంది, అంతా బాగేనా అని. జయలక్ష్మి పకపకా నవ్వేసింది. గంగాధరరావు కణత పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ లేచి చూస్తే, దిండు మీద ఇస్సాకు పెదవులు కదులుతున్నాయి. గొట్టం తీశాక అతను పలికిన మొదటి మాట, గీరుకుపోయిన గొంతుతో గాలిలా వచ్చింది.

"ముందే పడినావన్నా. మళ్ళా కొడతా, చూసి పడు."