బల్ల మీద గునుగుపూలు

గొల్లపల్లి మండలంలోని ఆ ఊళ్లో అంజవ్వ ఇల్లు ఏదని ఎవర్నీ అడగనక్కర్లేదు. ఎర్రమన్నుతో అలికి, అంచుల వెంట సున్నంతో తీగలు దిద్దిన అరుగు ఏ గడప ముందుంటే అదే. గుంటెడు భూమి లేదు. పసుపు తవ్వడానికీ నాట్లకూ కూలికి పోతుంది. పని లేని రోజు ఈతాకు తెచ్చి చాపలల్లుతుంది. చాప అంటే చాపే కదా అని ఆమె ఊరుకోదు. నడుమ రంగుటాకు కలిపి ఒక పువ్వో పిట్టో వేస్తుంది. పొద్దున మక్క రవ్వతో కాచిన గటక, రాత్రికి దడి మీద కాసిన బీరకాయ. ఇంకేం కావాలని ఎవరైనా అడిగితే చాలాసేపు ఆలోచించి, "ఏమద్దు" అంటుంది.

పెళ్లయిన కొత్తలో ఆ ఊరి బతుకమ్మలన్నింట్లోకీ ఆమె పేర్చిందే ఎత్తు. తర్వాత భర్త లస్మయ్య ప్రార్థనలకు పోయి కల్లు మానేశాడు. మొగుడి వెంట ఆమె కూడా బాప్తిస్మం తీసుకుంది. గల్ఫ్‌లో చాన్నాళ్లు చేసి వచ్చి సంఘ పెద్ద అయిన జాన్ ఆ రోజే చెప్పాడు, "చెల్లె, ఇగ బతుకమ్మ బందు" అని.

బందంటే బందే. దేవుడి మీద అంజవ్వకు ఏనాడూ అనుమానం లేదు. తాగుబోతును మనిషిని చేసిన దేవుడితో ఆమెకు పేచీ ఏముంటుంది? పేచీ అంతా చేతులతోనే. వానలు తగ్గి గట్ల మీద గునుగు తెల్లగా పూసిందంటే చేతులు నిలిచేవి కావు. మొహం తిప్పుకుని నడిచిపోయేది. బతుకమ్మ పండుగ రోజుల్లో పక్క వాడలో పాట మొదలైతే చాప ముందేసుకుని కూర్చునేది. బాధగా ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పాపమేమోనని దేవుడికి కూడా చెప్పలేదు.

అలా ఏళ్లు గడిచాయి. మొన్నటేడు సిరిసిల్ల నుంచి ఏసుబాబు అనే కుర్ర పాస్టర్ వచ్చాడు. కోత పండుగ దగ్గరపడింది. కొత్త పంటలో మొదటిది తెచ్చి చర్చిలో బల్ల మీద పెట్టే పండుగ అది. ఏటా ఆ బల్లకు కోరుట్లలో కొన్న ప్లాస్టిక్ పూలే అలంకారం. పాస్టర్‌కు అవి నచ్చలేదు.

"అక్కా, దేవుడు గిన్ని పూలు పూయిస్తుంటే మనకు ప్లాస్టిక్‌వి ఎందుకు? ఆదివారం పొద్దుగాల నువ్వే పూలు తెచ్చి పెట్టు" అన్నాడు.

అంజవ్వ సంతోషం పట్టలేకపోయింది. ఆదివారం తెల్లవారకముందే గట్లన్నీ తిరిగి గునుగు, తంగేడు, బంతి ఒడి నిండా తెచ్చింది. పళ్లెంలో గుమ్మడాకులు పరిచి, పూలు కుప్పగా పోసి తీసుకుపోదామనుకుంది. కానీ చేతులు ఆమె మాట వినలేదు. తంగేడు ఒక వరుస, దాని మీద గునుగు ఒక వరుస, నడుమ ఆకులు కూరి మళ్లీ తంగేడు. పెదాల మీద మాత్రం చర్చి పాటే ఉంది. తలెత్తి చూసేసరికి పళ్లెంలో మోకాలెత్తున గుండ్రంగా, పైకి సన్నబడుతూ నిలబడి ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా!

వేపపుల్ల నములుతూ వచ్చిన లస్మయ్య అక్కడే ఆగిపోయాడు.

"ఏందే గిది? బతుకమ్మ పేర్చినవా?"

"గౌరమ్మను పెట్టలే" అంది అంజవ్వ. శిఖరాన పసుపు గౌరమ్మ ఉండాల్సిన చోట గుమ్మడిపువ్వొక్కటే ఉంది.

"గౌరమ్మ లేకుంటె జాన్ ఊకుంటడా?"

అప్పటికే చర్చి గంట మోగింది. మళ్లీ తెంపుకొచ్చే వేళ లేదు. వీటిని చెదరగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. పళ్లెం ఎత్తుకుని పోయి, గుమ్మడికాయలకూ మక్క కంకులకూ నడుమ బల్ల మీద పెట్టింది.

జాన్ లోపలికి వస్తూనే నిలబడిపోయాడు. "అయ్యగారూ, గది బతుకమ్మ. బల్ల మీదికెల్లి తియ్యుండ్రి."

అందరూ అంజవ్వను చూశారు. ఆమె లేచి నిలబడింది. 

"గౌరమ్మను పెట్టలే అయ్యగారూ. పేర్చినంతసేపు మన పాటనే పాడిన. దేవునికి మంచిగ చెయ్యాల్ననుకున్న. నాకు గింతకన్న మంచిగ చెయ్యరాదు."

పాస్టర్ ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి జాన్‌ను చూశాడు. పండుగ పూట గొడవెందుకనుకున్నాడు. "అక్కా, ఇప్పటికైతే బయట అరుగు మీద పెట్టు. మల్ల మాట్లాడుదం" అన్నాడు. ఆ 'మల్ల' ఎప్పటికీ రాదని అంజవ్వకు తెలుసు. వచ్చే ఏడు ప్లాస్టిక్ పూలే వస్తాయి, తన చేతులు చాపలకే పోతాయి.

పళ్లెం ఎత్తబోయింది. పళ్లెం ఒరిగి ఒక పక్క వదులైంది. గునుగు వరుస జారసాగింది.

"ఆగు, ఆగు!" అంటూ ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె ఒక్క ఉదుటున వచ్చి అరచేయి అడ్డం పెట్టింది. జాన్ భార్య రాహేలు. వెనకే ఇంకో ఇద్దరు లేచి వచ్చారు. పళ్లెం కింద పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. ఒకామె ఆకులు కూరింది, ఒకామె కాడలు సమం చేసింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు.

"నువ్వేందే నడుమల?" అన్నాడు జాన్.

రాహేలు తలైనా తిప్పలేదు. "పూలు జారుతున్నయ్. జరసేపాగు."

ఆరాధన ఆగింది. పని అయ్యాక ఆ నలుగురూ పళ్లెం పట్టుకుని లేచారు. బయటికి కాదు, బల్ల మీదికే చేర్చారు. జాన్ నోరు తెరిచాడు. భార్య మొహం చూసి పాటల పుస్తకం తెరుచుకున్నాడు. పాస్టర్ ఆలస్యం చేయకుండా పాట అందుకున్నాడు.

రాహేలు వచ్చి అంజవ్వ పక్కనే చాప మీద కూర్చుంది. పాట నడుస్తుండగా మోచేత్తో పొడిచింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, మాటలో మాత్రం కోపమే ఉంది.

"పూలకు ఒక్కదానివే పోతివా? నన్ను పిలువకపోతివి."