మంచి బూజు

మా అత్తగారు ఇక లేరని మావయ్య శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి ఫోను చేసేసరికి, నేను అరుగు మీద విత్తనాలకు మినుములు ఏరుతున్నాను. ఫోను పెట్టేశాక కూడా చేతులు ఏరుతూనే ఉన్నాయి. వారం రోజులుగా మావయ్యా నేనూ వంతులేసుకుని ఇంటికీ ఆసుపత్రికీ తిరిగాం. ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు.

నేను కాపురానికి వచ్చిన ఏడు మా మెట్టచేనులో మినుము గుంపులు గుంపులుగా వాడిపోయింది. అందరూ ఆకులు చూసి తలో మాటా అన్నారు. అత్తగారు ఒక మొక్క పీకి, గోటితో వేరు గీరారు. బెరడు మెత్తగా ఊడి వచ్చేసింది. "పైన సూస్తే ఏటి తెలుస్తాది? రోగం వేరులో ఉన్నాది," అన్నారు.

మరుసటి ఏడు ముందే జాగ్రత్తపడ్డారు. వ్యవసాయ ఆఫీసులో ఇచ్చిన ట్రైకోడెర్మా పొడిని మాగిన పశువుల గెత్తంలో, అంటే పేడ ఎరువులో, కలిపి, పాకలో కుప్పపోసి, తడి గోనె కప్పారు. కొన్నాళ్లకు దానికి బూజు పట్టింది. ఇల్లు దులిపే కోడలిని, నాకు బూజంటే పడదు. కుప్ప పాడైందనుకుని, విత్తనాలకు పట్టించే తెగులు మందు నీళ్లలో కలిపి దాని మీద పోసేశాను. పైగా ఆవిడ దగ్గరికెళ్లి గొప్పగా చెప్పుకున్నాను!

"ఒసే అమ్మీ, అది ఆ పొడిలోది, మంచి బూజే. కుళ్లు రోగాన్ని అదే తినేస్తాది. మందుకి మంచీ సెడ్డా తెలీదు, మనకి తెలవాల," అన్నారు. తిట్టినా బాగుండేది.

"మందు ఇత్తుకి, బూజు మట్టికి." ఆ తర్వాత మా ఇంట్లో అదో సామెతైపోయింది. విత్తనాలకు మందు పట్టించేటప్పుడు ఆవిడ చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకునేవారు. మందు కలిపిన గిన్నెను వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. మావయ్యకు ఇదంతా వేళాకోళం. "మీ అత్త బూజుని పెంచతన్నాది. రేపు సాలీళ్లకి పాలు పోస్తాది," అనేవారు.

ఈసారి కుప్ప వేసిన మర్నాడే ఆవిడ ఆసుపత్రిలో చేరారు. "గోనె ఆరనీకే అమ్మీ," అన్నారు. అదే నాతో చివరిమాట. నేను మరిచిపోయాను. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లాక గుర్తొచ్చింది. ఆవిడ చేత్తో వేసిన ఆఖరి కుప్ప. రెండోసారి కూడా నేనే చంపేశాననుకుంటూ పాకలోకి పరుగెత్తాను.

కుప్పంతా పచ్చగా బూజు పట్టి ఉంది. పక్కన మావయ్య మంచినీళ్ల చెంబు బోర్లించి ఉంది. గోనె అంచు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.